నెగెటివ్ మీద మబ్బులు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, చల్లపల్లి కోట గురించో, దేవరకోట సంస్థానం గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా తెలిసిన పెద్దలు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను ముప్ఫయ్యారేళ్లు ఫైళ్ల మధ్య కూర్చున్న గుమాస్తాను. ఆఫీసు వదిలాక నాకు తెలిసిన విద్య ఒక్కటే, సరదాగా ఫొటోలు తీయడం. కనుక ఫొటోల చరిత్రే రాస్తున్నాను.

సాయంత్రం పూట మనవాళ్లు నలుగురు కూడినచోట తరచు వినబడే మాట ఒకటుంది. మనవలు ఫోనులో మోపిదేవి గుడి ఫొటో తీసి, వెనకనున్న తెల్లని ఆకాశాన్ని చెరిపేసి, అక్కడ ఎర్రని సంధ్యాకాశం పెట్టి చూపిస్తున్నారు. అది చూసి, "మన రోజుల్లో ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు. ఈ రోజుల్లో దేన్నీ నమ్మేట్టు లేదు" అని నిట్టూరుస్తారు. రెండో మాట సంగతి ఎలా ఉన్నా మొదటి మాట సరి కాదు. ఫొటోలో లేని మబ్బును తెచ్చి పెట్టడం 1850లలోనే మన మద్రాసు రాజధానిలో జరిగింది. చేసినవాడు సాక్షాత్తూ సర్కారు ఉద్యోగి. మన కృష్ణ ఒడ్డు శిల్పాలను ఫొటో తీసి దాచినవాడు కూడా ఆయనే.

ఆయన పేరు లిన్నేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో పుట్టి, ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు పదాతి దళంలో చేరాడు. మనలో చాలామందిలాగే ఆయనకూ అసలు సరదా సెలవుల్లో మొదలైంది. లాంగ్ లీవు మీద స్వదేశం వెళ్లినప్పుడు ఫొటోగ్రఫీ అంటుకుంది. 1853లో లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యుడయ్యాడు. 1854లో బెంగుళూరుకు తిరిగొచ్చాక, ఆ డిసెంబరులో డాక్టర్ నీల్ అనే మరో సరదా ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొని బేలూరు, హళేబీడు గుళ్లకు వెళ్లాడు. ఎవరి ఉత్తర్వూ లేదు, టి.ఎ. బిల్లూ లేదు. ఆ ఫొటోలను 1855లో మద్రాసు ప్రదర్శనలో పెడితే మొదటి తరగతి పతకం వచ్చింది. పైవారి కంట పడ్డాడు. అదే సంవత్సరం బర్మా రాజు వద్దకు వెళ్లిన రాయబార బృందంతో ఆయనను పంపారు. 1856లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా వేశారు.

ఆ రోజుల్లో ఫొటోల యాత్ర అంటే ఏమిటో ఊహించుకోవాలి. 1857 డిసెంబరులో బెంగుళూరు నుంచి బయలుదేరి, సేలం, శ్రీరంగం, మధుర, పుదుక్కోట, తంజావూరు చూసుకొంటూ, 1858 ఏప్రిల్ నాటికి ఆ యాత్ర ముగించాడు. ఉత్తరాన సిపాయిల తిరుగుబాటు ఇంకా చల్లారలేదు, ఈయన ఇక్కడ ఎడ్లబండ్ల మీద కెమెరాలు, మందుల సీసాలు, కాగితాల కట్టలు వేసుకొని గుళ్ల చుట్టూ తిరుగుతున్నాడు! ఫిల్ము అన్నది అప్పటికి పుట్టలేదు. పలచని కాగితానికి మైనం పట్టించి, దాని మీద వెండి లవణాలు ఎక్కించి, ఆ కాగితాన్నే పెద్ద కెమెరాలో పెట్టేవారు. నిమిషాల తరబడి మూత తీసి ఉంచాలి. కదిలిన మనిషి మాయమైపోతాడు. గాలికి ఊగిన చెట్టు ముద్ద అయిపోతుంది.

ఇక ఆకాశం సంగతి. అప్పటి మందులకు నీలి వెలుగంటే మహా ఇష్టం, ఆకుపచ్చ, ఎరుపు అంటే చూపు ఆనదు. ఆకాశమంతా నీలమే కాబట్టి, గుడికి సరిపడా వెలుగు అందేలోగా ఆకాశం మాడిపోయి ప్రింటులో సున్నం కొట్టిన గోడలా తెల్లగా వస్తుంది. మబ్బులున్నా కనపడవు. చెట్లేమో పచ్చన కావడం వల్ల నల్లని ముద్దల్లా వస్తాయి. కంటికి కనిపించినదానిలో సగం ఫొటోలోకి రానేరాదు. ఉన్నది ఉన్నట్టు అనే మాట అక్కడే వీగిపోయింది.

ట్రైప్ ఏం చేశాడంటే, కుంచె తీసుకొని నెగెటివ్ మీదనే రంగు పూశాడు. నెగెటివ్‌లో రంగు అడ్డుపడినచోట వెలుగు దిగదు కనుక ప్రింటులో అక్కడ తెలుపు వస్తుంది. అలా మబ్బులు గీశాడు. నల్లముద్ద చెట్లలో చిన్న చిన్న చుక్కలు పెట్టి ఆకుల మీద వెలుగు తెప్పించాడు. ప్రింటు చూస్తే గోపురం వెనక మబ్బులు తేలుతూ ఉంటాయి. ఆ కాగితపు నెగెటివ్‌లు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. వాటి మీద ఆయన పూసిన రంగు కనబడుతూనే ఉంది. పరిశోధకులు దాని గురించి విపులంగా రాశారు. 2014-15లో వాషింగ్టన్, న్యూయార్కు, లండన్ నగరాల్లో ఆయన ఫొటోల ప్రదర్శన జరిగింది.

అదే మనిషి తంజావూరు బృహదీశ్వరాలయంలో చేసిన పని మరోరకం. గుడి అధిష్ఠానం చుట్టూ ఉన్న శాసనాన్ని కెమెరా జరుపుకొంటూ ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లను పక్కపక్కన అతికించి, దాదాపు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా చేశాడు. అది కూడా అతుకు ఫొటోయే. కాని ఆ అతుకు లేకపోతే శాసనం వరుసగా చదవడానికి ఉండేది కాదు. కల్పించడానికి అతికించేది వేరు, కనిపించడానికి అతికించేది వేరు. ఒకే చేతితో ఒకే ఏడాదిలో రెండూ చేసినవాడు ఆయన.

ఇప్పుడు మన కృష్ణ ఒడ్డుకు వద్దాం. అమరావతి స్తూపం రాళ్ల కథ పెద్దది, క్లుప్తంగా చెబుతాను. 1797లో కర్నల్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. తరువాత 1816 ప్రాంతంలో తన చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. ఆ మధ్య కాలంలో ఎవరికి కావలసిన రాయి వారు పట్టుకుపోయారు. బందరులో రాబర్ట్‌సన్ అనే కలెక్టరు కొత్తగా కట్టించిన పేట బజారు అలంకారానికి కొన్ని శిల్పాలు తెప్పించి నిలబెట్టాడు. రాబర్ట్‌సన్‌పేట అనే పేరు నేటికీ బందరులో వినబడుతూనే ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి చాలా రాళ్లను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి మ్యూజియం చేరాయి. 1858లో ట్రైప్ మద్రాసు మ్యూజియంలో ఆ రాళ్లను ఒక్కొక్కటిగా ఫొటో తీశాడు. వాటిని ఇలియట్ మార్బుల్స్ అనే పేరుతో సంపుటంగా వెలువరించారు. ఆ మరుసటి ఏడాదే వందకు పైగా రాళ్లను ఓడ ఎక్కించి లండన్ పంపారు. అక్కడ కూడా వాటికి మర్యాద జరగలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు వెతికితే, ఒక భవనం బండ్ల షెడ్డులో కనబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

రాయి నిండుగా కెమెరాలో పట్టించి తీసిన ఫొటోలో మబ్బుకు చోటేదీ? ఆ శిల్పాలు ఓడ ఎక్కక ముందు ఏ రాయి ఎలా ఉందో, ఏ అంచు విరిగి ఉందో చెప్పే సాక్ష్యం ఆ ఫొటోలు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే చార్జి అప్పగింతకు ముందు రాసిన ఇన్వెంటరీ. గుడి ఫొటోలో మబ్బులు గీసిన చెయ్యే ఈ జాబితా కూడా తయారుచేసింది. ఒక ఫొటో దేనికోసం తీశారన్నది తెలియకుండా అది నిజమా అబద్ధమా అని తేల్చలేం.

ఇంత పనిచేసినవాడికి దక్కిన ఫలం మన సభ్యులకు చెప్పకుండా ఉండలేను. 1859లో కొత్త గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఖర్చుల తగ్గింపు మొదలుపెట్టి, ఈ ఫొటోల శాఖ వట్టి విలాసమని మూయించేశాడు. ట్రైప్ తిరిగి దళానికి పోయాడు. ఆ తరువాత కెమెరా దాదాపుగా ముట్టలేదు. 1902 దాకా బతికాడు. పొదుపు ఉత్తర్వులు ఏ కాలంలోనైనా ముందు ఎవరి మెడ మీద పడతాయో మనకు వేరే చెప్పాలా!

ఈ మబ్బుల పని ఆయన ఒక్కడి వింత కాదు. అదే కాలంలో ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి మరొక నెగెటివ్ తీసి ఒకే కాగితం మీద ముద్రించేవాడు. ఒకే మబ్బు రెండు వేర్వేరు సముద్రాల మీద తేలడం ఇప్పటివాళ్లు పట్టుకున్నారు. 1857లో రైలాండర్ అనే ఆయన ముప్ఫైకి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశాడు. 1858లో రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో, మృత్యుశయ్య మీద ఉన్న ఒక పిల్ల చిత్రం తయారుచేస్తే, అలాంటి దృశ్యం ఫొటో తీయవచ్చునా అని జనం కోప్పడ్డారట. అక్కడ చావేమీ లేదు, అంతా కూర్చిన బొమ్మే.

మన తెలుగు నేలకు సంబంధించినంతవరకు సరదాకు మొదలుపెట్టి శిఖరం ఎక్కినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. అంటే మన కులమే, ఎస్టిమేట్లు వేసే ఉద్యోగి. 1874లో కెమెరా పట్టాడు. ఫొటోల పని పూర్తిచేయడానికి రెండేళ్లు సెలవు పెట్టి, చివరికి ఉద్యోగమే వదిలి, హైదరాబాదు వచ్చి ఆరో నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. 1905లో మరణించాడు. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది. లీవు శాంక్షను చేసిన ఆ ఇందూరు అధికారి ఎవరో గాని, దేశానికి గొప్ప మేలు చేశాడు.

సెలవులు అంటే గుర్తొచ్చింది. 1970లలో మేము నలుగురైదుగురు గుమాస్తాలం రెండో శనివారాల్లో సైకిళ్ల మీద ఫొటోలకు వెళ్లేవాళ్లం. అగ్ఫా క్లిక్ త్రీ అని బరోడాలో తయారయ్యే డబ్బా కెమెరా. ఫిల్ము ఊటీ నుంచి వచ్చే ఇందు. ఒక చుట్టకు పన్నెండు ఫొటోలు. పన్నెండుతో ఘంటసాల స్తూపం, జలధీశ్వరుడి గుడి, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి, దారిలో కాలవగట్లు అన్నీ సరిపెట్టుకోవాలి. ఘంటసాల వెళ్లినప్పుడల్లా, 1894లో అచ్చయిన అలెగ్జాండర్ రే నివేదిక ప్రస్తావన మాలో చదువుకున్న ఆయన తెచ్చేవాడు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల సంగతులు అందులో ఉన్నాయి. రే చూసిన దిబ్బకూ మేము చూసే దిబ్బకూ పోలికలు వెతకడంలో మధ్యాహ్నం గడిచిపోయేది, చద్దన్నం మూటలు విప్పే వేళకు ఎండ నడినెత్తిన.

రాత్రి మా ఇంటి సామాన్ల కొట్టే డార్క్ రూం. ఎర్ర బల్బు, మూడు తట్టలు, ఒకదానిలో డెవలపరు, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో హైపో. స్టూడియో ఆయన్ని బతిమాలి తెచ్చుకున్న పాత ఎన్లార్జరు. మాకూ ట్రైప్ బాధే. తెల్లని ఆకాశం. లెన్సు ముందు పసుపు జిలటిన్ కాగితం పట్టుకుంటే మబ్బులు కొంత తేలేవి. అది చాలక, హంసలదీవిలో సముద్రపు ఒడ్డున ప్రత్యేకంగా మబ్బులే తీసుకొని దాచుకున్నాం. గుడి నెగెటివ్ పెట్టి ఆకాశం భాగానికి అట్టముక్క అడ్డుపెట్టి వెలుగు వేయడం, తరువాత మబ్బు నెగెటివ్ పెట్టి గుడి భాగానికి అట్ట అడ్డుపెట్టడం. అట్ట కదలకుండా ఉంటే గీత పడుతుంది, కాబట్టి చేతిని సన్నగా ఆడిస్తూ ఉండాలి. కుడి పక్క ఎండపడిన గుడికి ఎడమ పక్క వెలిగే మబ్బు అతికితే దొంగతనం ఇట్టే బయటపడుతుంది.

మాలో మేము ఒక నియమం పెట్టుకున్నాం. అతికిన ప్రతి ప్రింటు వెనక పెన్సిలుతో "మబ్బు హంసలదీవిది" అని రాయాలి. "ఇది ఫొటోనా, సర్వీసు రిజిస్టరా?" అని ఒకాయన ఎగతాళి చేసేవాడు. ఎగతాళిలో నిజముంది. రిజిస్టరులో తప్పు పడితే బ్లేడుతో గీకకూడదు, మీద మీద దిద్దకూడదు. పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, అధికారి తేదీతో ఇనిషియల్ వేయాలి. దిద్దడం నేరం కాదు, దిద్దినట్టు తెలియకుండా దిద్దడం నేరం. నా మటుకు ఫొటోకు కూడా అంతకన్నా మంచి నిబంధన కనిపించలేదు.

స్టూడియోల్లో ఈ పనిని టచింగ్ అనేవారు. సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద మొటిమలు, మచ్చలు పూడ్చడం, అక్కర్లేనిచోట బ్లేడు మొనతో గీకడం. నలుపు తెలుపు ప్రింటుకు రంగులద్దడం మరొక విద్య. సినిమాల్లో ఇదే కళ మాస్కుల రూపంలో వచ్చింది. 1961లో మన నిమ్మకూరు రామారావు గారు తీసిన సీతారామ కల్యాణంలో రావణుడి పది తలలు ఒకే ఫ్రేములో నిలబెట్టినవాడు రవికాంత్ నగాయిచ్. హాల్లో నోరు వెళ్లబెట్టుకు చూశాం గాని మోసమని ఎవరం అనలేదు. సినిమా అని తెలిసే వెళ్లాం కదా.

ఆఫీసులో మాత్రం ఒకసారి ఇది నా బల్ల మీదికే వచ్చింది. ఊరూ ఆఫీసూ చెప్పను. రిటైరవుతున్న ఒక అటెండరు పెన్షను కాగితాల్లో జాయింటు ఫొటో పెట్టాడు. చూస్తే ఆయన ముఖానికి వెలుగు కుడి నుంచి, భార్య ముఖానికి ఎడమ నుంచి పడుతోంది.

"ఏం బాబాయ్, ఇద్దరూ ఒకచోట నిలబడే తీయించుకున్నారా?" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. "లేదు సార్. ఆమెకు పక్షవాతం. రేపల్లె అవతల పుట్టింట్లో మంచం మీద ఉంది. రేవు దాటించి తేలేక, అక్కడే కూర్చోబెట్టి విడిగా తీయించాను. స్టూడియోవాళ్లు కలిపారు" అన్నాడు.

పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన 2006లో గాని రాలేదు. అప్పటికి కృష్ణ దాటడమంటే పడవే. నేను ఫైలు మీద జరిగినది జరిగినట్టు నోటు రాసి అధికారి ముందు పెట్టాను. ఆయన మంచివాడు. విడి ఫొటోలు రెండూ తెప్పించి, జాయింటు ఫొటో వాటి నుంచి చేసినదని ఫైలులో రాయించి, మూడింటినీ అటెస్టు చేశాడు. పెన్షను ఆగలేదు. ఆ ఫొటో ఫొటోగా అబద్ధం. వాళ్లు భార్యాభర్తలన్నది నిజం. ఆ రెంటి మధ్య నిలబడింది కింద ఉన్న సంతకం.

అన్ని సందర్భాల్లోనూ లెక్క ఇంత సులువుగా తేలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి దివిసీమవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పదివేలమందికి పైగా పోయారు. మనుషులతోపాటు గోడ మీది పటాలూ పోయాయి. తరువాతి నెలల్లో, ఎక్కడో మేనమామ ఇంట్లోనో, వియ్యంకుల ఇంట్లోనో మిగిలిన పెళ్లి గ్రూపు ఫొటోలు పట్టుకొని జనం స్టూడియోలకు వచ్చేవారు. మూడో వరుసలో శెనగగింజంత ముఖం. దాన్ని కాపీ తీసి పెద్దది చేయాలి. నాకు పరిచయమున్న టచింగ్ ఆయన రాత్రింబవళ్లు అదే పనిలో ఉండేవాడు. పెద్దది చేస్తే కళ్లు మసకగా వచ్చేవి. పెన్సిలుతో కళ్లు దిద్దేవాడు, కనుబొమలు తీర్చేవాడు, చొక్కాకు కాలరు పెట్టేవాడు. చాలామంది కళ్లకద్దుకొని తీసుకుపోయారు.

సొర్లగొంది వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం ఆ ప్రింటును చాలాసేపు చూసింది. "ముక్కు మావాడిదే నాయనా. కళ్లు ఎవరివో" అంది. ఆయన నొచ్చుకోలేదు. లోపలికి వెళ్లి, టచింగ్ లేని మసక ప్రింటు తెచ్చి చూపించాడు. "ఇదే ఇవ్వు" అంది. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు ఆయన మాతో పెద్దగా మాట్లాడలేదు. ఆ తరువాత అలాంటి పని వస్తే రెండు ప్రింట్లు తీసి, ఏది కావాలో వాళ్లనే అడిగేవాడు.

కంప్యూటర్ల సంగతి మనవలకే బాగా తెలుసు. నోల్ సోదరులు తయారుచేసిన ఫొటోషాప్‌ను అడోబీ కంపెనీ 1990లో అమ్మకానికి పెట్టింది. అందులో ఒకచోట వెలుగు తగ్గించడానికీ పెంచడానికీ ఉండే గుర్తులు చూస్తే నవ్వొచ్చింది. ఒకటి పుల్లకు అతికించిన అట్టముక్క, రెండోది సందు వదిలి పట్టుకున్న చెయ్యి. మా సామాన్ల కొట్టులో మేము ఆడించినవే! పని అదే, పేరూ అదే, డాడ్జింగ్, బర్నింగ్. తేడా అల్లా, హైపో వాసన లేదు, నెగెటివ్ అంతకన్నా లేదు. ఫోనులో మార్చి దాచుకుంటే అసలు ఫొటో మిగిలిందో లేదో చాలామంది చూసుకోరు. ట్రైప్ మబ్బును ఈనాడు పట్టుకోగలుగుతున్నామంటే నెగెటివ్ మిగిలింది కనుక.

ఈ తేడా మనకు ఊసుపోక కబురు కాదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నుంచి ఫోనుకు ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయం కూడా వచ్చింది. అందులో కళ్లు ఆర్పమని అడుగుతుంది. ఎందుకూ అంటే, ఎదుట ఉన్నది మనిషా, మనిషి ఫొటోనా అని తేల్చుకోవడానికి. గెజిటెడ్ అధికారి ముందు నిలబడి సంతకం పెట్టించుకున్న మనం, బతికే ఉన్నామని రెప్పలు ఆర్పి నిరూపించుకొంటున్నాం.

మన సభ్యుల ఇళ్లలో బీరువాల అడుగున పాత నెగెటివ్‌లు, గ్రూపు ఫొటోలు ఉంటాయి. ఆఫీసు బదిలీ వీడ్కోలు ఫొటోలు, ఉప్పెనకు ముందటి ఊళ్ల ఫొటోలు, కోట ముందు తీసుకున్నవి, ఏవైనా సరే పారేయకండి. నెగెటివ్‌లను ప్లాస్టిక్ సంచుల్లో కాక కాగితపు కవర్లలో పెట్టండి, మన తేమకు ప్లాస్టిక్‌లో అంటుకుపోతాయి. ఫొటో వెనక వరుస ప్రకారం పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. టచింగ్ చేయించినదైతే ఆ సంగతి కూడా రాయండి. మెత్తని పెన్సిలుతోనే రాయాలి సుమండీ. బాల్ పెన్నుతో రాస్తే ఆ గాడి బొమ్మవైపు ముఖాల మీద తేలుతుంది.